ఎత్తిన చెయ్యి

ఆ ఇంట్లో తెల్లవారడమంటే విజిలు మోగడం. గణపతిరావు పెరట్లో పళ్ళు తోముకుంటూ ఒక్కసారి ఊదేవాడు. లోపల చిన్నారి దుప్పటి తన్నేసి లేచి, జడ ముడేసుకుని, తండ్రికంటే ముందే వీధిలో నిలబడేది. ఇప్పుడా విజిలు వంటగది గుమ్మం పక్కన మేకుకి వేలాడుతోంది. నెల దాటింది, దాన్ని ఎవరూ తియ్యలేదు.

చెరకు ఆడే రోజులు. పంచదార ఫేక్టరీ మడ్డి వాసన మంచుతో కలిసి కిందికి దిగి, తియ్యగా, కాస్త పులిసినట్టు, గదుల్లో పరుచుకుని ఉంది. రోడ్డు మీద వరసకట్టిన చెరకు బళ్ళ ఎడ్లు మెడలు విదిల్చినప్పుడల్లా గంటలు వినిపిస్తున్నాయి.

"ఆ అమ్మాయి ట్యూషన్‌కి ఎన్నింటికి వెళ్తాదో అడుగు," అన్నాడు గణపతిరావు, కాఫీ గ్లాసులోకి చూస్తూ.

ఆ అమ్మాయి చెయ్యి చాస్తే అందేంత దూరంలో పీట మీద కూర్చుని చద్దన్నం కలుపుకుంటోంది.

"నన్నేటి టెలిఫోను ఎక్స్చేంజీలో పెట్టేరా?" అంది నూకరత్నం, పొయ్యి దగ్గరినుంచి తల తిప్పకుండా. "ఇటు తీగ అటు కలపడం, అటు తీగ ఇటు కలపడం. ఎదురుగానే ఉంది గుంట. నోరిప్పి అడగండి."

"ఆరింటికని చెప్పమ్మా," అంది చిన్నారి.

"ఇదొకర్తి. తండ్రికి సరిపడ్డ కూతురు."

గణపతిరావు చోడవరం హైస్కూల్లో డ్రిల్లు మేస్టారు. మిగతా మేస్టర్లు అతని పీరియడు అడిగి తీసుకుని సిలబస్ పూర్తి చేసుకునేవాళ్ళు. స్టాఫ్‌రూములో అతని కుర్చీ తలుపు పక్కది, వచ్చేవాళ్ళ మోకాళ్ళు తగిలే చోటు. అక్కణ్ణుంచి అతన్ని లేపి నిలబెట్టింది ఆడపిల్లల కబడ్డీ టీము. హెడ్మాస్టరు గదిలో అద్దాల బీరువాలో ఉన్న షీల్డులన్నీ ఆ పిల్లలు తెచ్చినవే. ఆ టీముకి ప్రాణం ఇద్దరు. ఒకరు కూతురు చిన్నారి. రెండోది వడ్డాది నుంచి బస్సులో వచ్చే సన్యాసమ్మ.

సన్యాసమ్మని కనిపెట్టింది అతనే. చెరకు మడి గట్టు మీద మేకపిల్ల వెంట పరిగెడుతున్న గుంటని చూసి, ఆ ఇంటికి వెళ్ళి, తల్లినీ తండ్రినీ ఒప్పించి, బస్సుపాసు చేయించి ఆరో క్లాసులో చేర్చాడు. ఇప్పుడు పదో క్లాసు. కూతకి వెళ్తే నడుం వంచి, తాకి, ఎవరి చేతికీ చిక్కకుండా జారి వచ్చేసేది. విశాఖలో ఆటగాళ్ళ హాస్టలుందని, జిల్లా ఫైనల్ గెలిస్తే అందులో సీటని, తిండీ చదువూ వాళ్ళే చూస్తారని, తర్వాత పోలీసులోనో రైల్వేలోనో ఉద్యోగమని ఆ ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పింది కూడా అతనే.

ఆ ఫైనల్ ఒక్క పాయింటుతో పోయింది.

స్కోరు సమానంగా ఉంది. ఆఖరి కూత. అవతలి టీము పిల్ల వచ్చి, చేతులు విసిరి, ఎవరినీ తాకకుండానే వెనక్కి తిరిగినట్టు అందరికీ అనిపించింది. అంపైరు చెయ్యి కదల్లేదు. చూసేవాళ్ళు అప్పటికే లేచి నిలబడ్డారు. అప్పుడు చిన్నారి చెయ్యెత్తి, తల వంచుకుని, గీత దాటి బయటికి వచ్చేసింది. తగిలితే ఇంకొకరు చెప్పక్కర్లేదు, నీకు తెలుసు, చెయ్యెత్తి వచ్చెయ్ అని ఐదేళ్ళప్పుడు పెరట్లో ముగ్గుపిండితో గీత గీసి ఆమెకి నేర్పింది తండ్రే.

ఆ తండ్రి గ్రౌండు బయట అందరి ముందూ ఆమెని కొట్టాడు. ప్రైజులివ్వకముందే బస్సెక్కి ఒక్కడే వచ్చేశాడు. సాయంత్రం చిన్నారి దుమ్ముకాళ్ళతో గుమ్మంలో నిలబడి, "నాన్నా, సన్యాసమ్మని వాళ్ళు..." అని ఏదో చెప్పబోయింది.

"దాని పేరెత్తకు. నోటికాడ కూడు తన్నేసేవు," అన్నాడు.

మాటలు అక్కడ ఆగాయి. కొన్నాళ్ళకి సన్యాసమ్మ బడికి రావడం మానేసింది. మనసు విరిగిపోయిందని గణపతిరావు అనుకున్నాడు. విరిచిందెవరో కూడా అతనికి తెలుసు.

ఆ మౌనం మొదట శిక్షగా మొదలైంది. తర్వాత అలవాటుగా మారింది. ఇప్పుడు అది ఇంటి గోడలా ఉంది, కట్టినవాడికే అందులో తలుపు ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ ఆఖరి కూతని మళ్ళీ మళ్ళీ తలుచుకునేవాడు. ప్రతిసారీ ఒకే చోట అతని మనసు తడబడి, పక్కకి తప్పుకుని, నేరుగా ఎత్తిన చెయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది. మధ్యలో ఏదో దాటేస్తున్నానని తెలిసేది. ఏం దాటేస్తున్నాడో చూడ్డానికి ఆగేవాడు కాదు. కోపం ఉన్నంతసేపు ఆగక్కర్లేదు.

నూకరత్నం రెండో కాఫీ గ్లాసు అతని ముందు పెట్టింది. కొంచెంసేపు అక్కడే నిలబడింది.

"ఆకుకూరల మనిషి చెప్పింది. సన్యాసమ్మకి పెళ్ళి కుదిరిందిట. మాడుగులలో హల్వా కొట్లో పనిచేస్తాడట కుర్రోడు. మాఘమాసంలో ముహూర్తం."

చిన్నారి చెయ్యి అన్నంలో ఆగిపోయింది.

గణపతిరావు గ్లాసు కింద పెట్టాడు. నెల తర్వాత మొదటిసారి కూతురి ముఖంలోకి చూశాడు.

"విన్నావా? సంతోషమేనా? గొప్ప నిజాయితీ కదా నీది. పేపర్లో వేయిద్దామా?"

చిన్నారి కంచం పక్కకి జరిపింది.

"తగల్లేదు. అంపైరు చూడలేదు, వాళ్ళ కోచ్ చూడలేదు, జనం చూడలేదు. తగలని దానికి చెయ్యెత్తింది. అందరూ తనని చూడాలని. అందుకోసం ఒక బీద గుంట బతుకు తీసుకెళ్ళి పెళ్ళిపీటల మీద పడేసింది."

"తగిలింది," అంది చిన్నారి నెమ్మదిగా. ఈసారి తల్లితో కాదు.

"ఎదురు చెప్పకు."

"మీరు చెప్పిందే చేసింది కదండీ," అంది నూకరత్నం. "ఈ పెరట్లో గీత గీసి నేర్పింది నేనా?"

"పెరట్లో ఆట వేరు. ఫైనల్ వేరు."

"ఆ సంగతి ఐదేళ్ళప్పుడే చెప్పాల్సింది. సగం నేర్పి వదిలేసేరన్నమాట."

ఆ మాట గణపతిరావుకి ఎక్కడో గుచ్చుకుంది. గుచ్చుకున్న చోటు వెతక్కుండా గొంతు పెంచాడు. సన్యాసమ్మకి ఈ ఆట తప్ప ఏముందని అడిగాడు. చిన్నారికి ఇల్లుంది, చదువుంది, ఉద్యోగమున్న తండ్రి ఉన్నాడు, ఓడినా పోగొట్టుకునేదేమీ లేనివాళ్ళకి నిజాయితీ సులువని అన్నాడు. చిన్నారి పెదవులు కదిలాయి. ఏదో చెప్పడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసేసుకుంది.

"ఏటే? చెప్పు."

"నేను చెప్పకూడదు నాన్నా."

"చెప్పడానికేటుందని?" అతను లేచి చొక్కా తగిలించుకున్నాడు. "పద. బడికి సెలవే కదా. వడ్డాది పద. నువ్వు చేసిన పని నీ కళ్ళతో చూద్దువుగాని."

"గుంటని అన్నమైనా తిననివ్వండి," అంది నూకరత్నం.

చిన్నారి అప్పటికే చెయ్యి కడిగేసుకుంది.

బస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నా ఆమె ఆడవాళ్ళ వైపు ముందుకి వెళ్ళి కూర్చుంది. గణపతిరావు వెనకనించి ఆమె మెడ చూస్తూ కూర్చున్నాడు. జడ కింద సన్నటి మెడ. కొట్టిన రోజు ఈ మెడ అటు తిరిగిపోయింది, మళ్ళీ తన వైపు తిరగలేదు. పొలాల్లో చెరకు సగం కొట్టేశారు. మిగిలిన సగం గాలికి గరగరమంటోంది. సన్యాసమ్మ తండ్రితో ఏం మాట్లాడాలో వరసగా అనుకున్నాడు. పిల్లకి పదహారేళ్ళు, ఇప్పుడేం పెళ్ళి అనాలి. హాస్టలు వాళ్ళకి తను చెప్తాననాలి. వచ్చే యేడు కాలేజీ టీముకి కూడా ఫైనల్ ఉందనాలి. తను రక్షించడానికి వెళ్తున్నాడు. ఆ ఆలోచన కొంచెం ఊరటగా ఉంది. అందులో తను మంచివాడు.

సన్యాసమ్మ ఇల్లు ఊరు దాటాక, చెరకు తోట పక్కన. తండ్రి చెరకు కొట్టుడు పనికి వెళ్ళాడు. తల్లి అచ్చియ్యమ్మ చెరకు ఆకు కుప్పేస్తోంది. గణపతిరావుని చూసి చేతులు పైటకి తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"మేస్టారు బాబూ, మీరొచ్చేరేటి? కబురెడితే మేమే వద్దుం కదా. ఒసే, మేస్టారొచ్చేరే."

సన్యాసమ్మ మోపు కట్టడం వదిలి లేచింది. ఒంటి మీద స్కూలు టీము బనీను, వెనక నంబరు సగం చెరిగిపోయింది. చేతుల నిండా ఆకు కోసిన సన్నటి గీతలు. గణపతిరావుని చూడగానే పాదాలు దగ్గర పెట్టి నిటారుగా నిలబడింది, లైనులో నిలబడ్డట్టు.

"గుడ్మానింగ్ సార్."

చిన్నారి అతని వెనక నిలబడి ఉంది. ఆమె వైపు చూపిస్తూ అన్నాడు: "దీనివల్ల నీకు అన్యాయం జరిగిపోయింది. అది చెయ్యెత్తకపోతే ఈపాటికి నువ్వు హాస్టల్లో ఉండేదానివి. నీ ఎదురుగా చెప్పిద్దామని తీసుకొచ్చేను."

సన్యాసమ్మ అతన్ని చూడలేదు, చిన్నారిని చూసింది.

"సెప్పలేదేటి నువ్వు?"

చిన్నారి తల అడ్డంగా ఊపింది.

"ఇంట్లో కూడానా?"

"నువ్వు అమ్మతోడు వేయించుకున్నావు కదా."

సన్యాసమ్మ ఆకు మీద కూలబడినట్టు కూర్చుంది. కాసేపు వేలితో అరిచేతిలో గీతలు నిమురుకుంది.

"మనం ఓడిపోయినా నన్ను పిలిసేరు సార్," అంది. "ఆ రోజే పిలిసేరు. మీరు బస్సెక్కి ఎల్లిపోయేక విశాఖ నుంచొచ్చిన పెద్దసారు వచ్చి, ఓడిపోతే ఓడిపోయేరు, ఈ గుంటని సోమారం తీసుకురండి అన్నారు. నానూ మా అయ్యా ఎల్లేము. ఆడించేరు. పరిగెట్టించేరు. అన్నింట్లోనూ నానే ఫస్టు."

"మరి?" అన్నాడు గణపతిరావు. అప్పుడే అతనికి గుమ్మంలో దుమ్ముకాళ్ళు గుర్తొచ్చాయి. నాన్నా, సన్యాసమ్మని వాళ్ళు... ఆ వాక్యాన్ని నరికేసింది తనే.

"లోపల గదిలో ఒక మేడమ్ కూసున్నాది. ఆట ఎన్నాళ్ళుంటాదమ్మా, ఇక్కడ అందరూ సదూకోవాల అన్నాది. ఏడో క్లాసు తెలుగు బుక్కు ఇచ్చి ఒక పేరా సదవమన్నాది. నాను గొంతు నొప్పి అన్నాను. మంచినీళ్ళు తెప్పించి ఇచ్చింది. తాగేను. మళ్ళీ బుక్కు ఇచ్చింది."

తోటలో ఎవరో చెరకు కొడుతున్నారు. కత్తి దెబ్బ, తర్వాత పడిన గడ చప్పుడు.

"ఆవిడ తిట్టలేదు సార్. బుక్కు మూసీసి నా సెయ్యి పట్టుకున్నాది. సదవడం నేర్సుకుని రామ్మా అన్నాది. పదో క్లాసోళ్ళకి సదవడం ఎవరు నేర్పుతారు సార్? ఊళ్ళో అందరూ నాకు సదువొచ్చనుకుంటారు. మందు సీసా మీద ఏటి రాసుందో సూడమంటే కళ్ళు మండుతున్నాయంటాను. సిగ్గేసింది. అందుకే చిన్నారి సేత ఒట్టేయించుకున్నాను."

గణపతిరావుకి ఏడో క్లాసులో తెలుగు మేస్టారు కారిడార్లో ఆపిన రోజు గుర్తొచ్చింది. మీ సన్యాసమ్మకి గుణింతాలు రావండీ, మధ్యాహ్నాలు క్లాసులో ఉండనివ్వండి అన్నాడాయన. గుణింతాలతో కూతకెళ్తారేటండీ అని తను నవ్వాడు. పక్కనున్నవాళ్ళు కూడా నవ్వారు. పరీక్షలప్పుడు తనే స్టాఫ్‌రూమంతా తిరిగి, ప్లేయరండీ, చూసీ చూడనట్టు దాటించెయ్యండి అని బతిమాలేవాడు. దాటించేశారు. షీల్డులు అందరివీ కదా.

"అయినా మీరేటి సేస్తారు సార్," అంది సన్యాసమ్మ. ఓదారుస్తున్నట్టే అంది. "నాకు ఆటే ఇష్టం. లెక్కల క్లాసులో మీరు కిటికీ కాడికొచ్చి నన్ను పిలిసీవోరు. చిన్నారిని పిలిసీవోరు కాదు. దాన్ని బెల్లు కొట్టేక రమ్మనీవోరు. నాను ఎంత సంతోషపడీదాన్నో. దానికంటే నానే మంచి ప్లేయర్ని అనుకునీదాన్ని."



గణపతిరావుకి ఆ కిటికీ కళ్ళముందు కనిపించింది. రెండు బెంచీల మీద ఇద్దరు పిల్లలు. ఒకరి పేరే తన నోట్లోంచి వచ్చేది. రెండో పిల్ల నల్లబల్ల మీది లెక్క ఎక్కించుకుంటూ ఉండేది, సాయంత్రం ఇంట్లో నూకరత్నం లైటు కింద కూర్చోబెట్టి చదివించేది. పొరపాటున అలా జరగలేదు. చదువు ఎంత అవసరమో తెలియక కాదు. తెలుసు. తెలుసు కాబట్టే సొంత పిల్లని క్లాసులో ఉంచాడు. పరాయి పిల్ల కాళ్ళు వాడుకున్నాడు. పొద్దున ఇంట్లో అరిచిన మాట గుర్తొచ్చింది: దానికి ఈ ఆట తప్ప ఏముంది? లేకుండా చేసిందెవరు?

అతని కుడి చెయ్యి లేచింది. ఎత్తాలని అనుకుని ఎత్తలేదు. మోచెయ్యి నిటారుగా, అరచెయ్యి తెరిచి, తలకంటే పైకి వెళ్ళి అక్కడ ఆగిపోయింది. తల వంగింది. గీత ఏదీ లేని ఆ ఆకుల మధ్య, తగిలిన మనిషిలా నిలబడ్డాడు.

"మంచినీళ్ళా బాబూ?" అంది అచ్చియ్యమ్మ కంగారుగా. "ఉండండి, తెస్తాను."

పిల్లలిద్దరికీ అర్థమైంది. సన్యాసమ్మ ముఖం తిప్పేసుకుంది. చిన్నారి మాత్రం తండ్రినే చూస్తూ నిలబడింది, అంపైరు చెయ్యి కదులుతుందా లేదా అని చూసినట్టు.

అచ్చియ్యమ్మ చెంబుతో వచ్చాక అతను పెళ్ళి సంగతెత్తాడు. పిల్ల చిన్నదన్నాడు. అనుకున్న మాటల్లో సగం గొంతు దాటలేదు. అచ్చియ్యమ్మ మర్యాదగానే వింది.

"ఆల అయ్య మాటిచ్చీసేడు బాబూ. మీరు మంచోరే. మా గుంటని మీ గుంటలాగే సూసేరు. కాని సీటు రాలేదు కదా, ఇంకేటి సేత్తాం?"

మీ గుంటలాగే. అతను చెంబు అందుకుని, తాగకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"సాయంత్రం మీ ఆయనొచ్చేదాకా ఉంటాను," అన్నాడు. ఆ మనిషి వచ్చాడు, విన్నాడు, తల గోక్కున్నాడు, పెద్దలతో మాట్లాడాలన్నాడు. అవుననలేదు, కాదనలేదు. ఆ ఇంట్లో కాదనడం అలాగే ఉంటుందని గణపతిరావుకి తెలుసు.

"ఆదివారం ఆదివారం నేను వస్తాను," అంది చిన్నారి, బయల్దేరుతుంటే. "బుక్కులు తెస్తాను. అ ఆలనుంచి మొదలెడదాం. ఎవరికీ చెప్పక్కర్లేదు."

"పెళ్ళైపోతే?"

"మాడుగులకి బస్సు లేదేటి?"

"మా అత్త నవ్వుతాది."

"నవ్వనీ. ఫస్టు కూతలో అందరూ నవ్వుతారు."

సన్యాసమ్మ రోడ్డుదాకా వచ్చింది. ఎండ వాలింది. చోడవరం బస్సు రాకముందే అవతలి వైపు బస్సొకటి దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. చిన్నారి దాని నుదుటి మీది బోర్డు చూపించింది.

"చదువు."

"అది మాడుగుల బస్సే కదా. నాకు తెల్దా?"

"ఊహించి చెప్పకు. చూసి చదువు. ఒక్కో అక్షరం."

సన్యాసమ్మ ఒకసారి గణపతిరావు వైపు చూసింది, ఈల కోసం చూసినట్టు. అతను కదల్లేదు. ఆమె బోర్డు వైపు తిరిగి పెదవులు కూడదీసుకుంది.

"మా..." అంది. "డు..." మూడో అక్షరం దగ్గర ఆగిపోయింది. నుదురు ముడి పడింది. కూతకి వెళ్ళినప్పుడు కూడా అలాగే ముడి పడేది. మూటలెక్కించి కండక్టరు రైట్ అన్నాడు. బస్సు కదిలింది. ఆమె మెడ బోర్డుతోపాటు తిరిగింది, "గు" అనేసరికి అక్కడ రోడ్డే ఉంది. ఆఖరి అక్షరం ఎవరికీ వినిపించకుండా లోపలే అనుకుంది.

"మూడొచ్చేయి," అంది చిన్నారి.

"బస్సు ఆగితే నాలుగూ వచ్చీవి," అంది సన్యాసమ్మ.

చోడవరం బస్సులో గణపతిరావు వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. చిన్నారి ముందుకి వెళ్ళబోయి, ఆగి, వచ్చి అతని పక్కన కూర్చుంది. చాలాసేపు ఇద్దరూ చెరకు బళ్ళనే చూశారు. బళ్ళని దాటుకుంటూ బస్సు మెల్లగా పోతోంది.

"చిన్నారీ," అన్నాడు.

ఆ పేరు నోటికి కొత్తగా తగిలింది.

"నాన్నా, అది నిజంగానే తగిలింది." ఆమె తన ఎడమ మోచెయ్యి చూపించింది. "ఇక్కడ. కొంచెమే. గోరు కొన."

గణపతిరావు ఆ మోచేతిని చూశాడు. నెలరోజులుగా మనసు తప్పుకుని వెళ్తున్న చోటు అదే. గీత పక్కన, అందరికంటే దగ్గరగా, విజిలు పళ్ళ మధ్య పెట్టుకుని నిలబడ్డది తను. ఆ గోరు, ఈ మోచెయ్యి, మధ్యలో లేని ఖాళీ.

"తెలుసు," అన్నాడు. "నేను చూసేను."

చిన్నారి అతని వైపు తిరిగింది. కొట్టినప్పుడు ఏడవని పిల్ల, నెలరోజుల పాటు ఆ ఇంట్లో తల్లితో తండ్రికి జవాబులు పంపుతూ ఏడవని పిల్ల, ఆ మోచేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని, బస్సులో అందరూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చింది. గణపతిరావు ఊరుకోమనలేదు. ఆమె తల తన భుజానికి ఆనేదాకా కదలకుండా కూర్చున్నాడు. ఆనడానికి చాలాసేపు పట్టింది.